డీడాస్ దాడి: సేల్ రోజే సైట్ పడిపోతే? వ్యాపారులు ముందే చేసుకోవాల్సినవి ఇవే!

పండగ సేల్ మొదలైంది.. సైట్ మాత్రం ఓపెన్ కావట్లేదు. కస్టమర్ల రద్దీయే అనుకోవద్దు, డీడాస్ దాడి కూడా కావచ్చు. హ్యాకర్లు గుప్పిట్లో పెట్టుకున్న వేలాది సీసీ కెమెరాలు, రౌటర్ల నుంచి ఒకేసారి రిక్వెస్టులు పంపి సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తారు. కొట్టు ముందు ఉత్తుత్తి జనాన్ని నింపి, అసలు కస్టమర్‌ను లోపలికి రానివ్వకపోవడం లాంటిదే ఇది.

2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్‌పై సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగింది. ట్రాఫిక్‌ను అకమాయ్ సంస్థకు మళ్లించడంతో దాదాపు 10 నిమిషాల్లోనే సైట్ కోలుకుంది. 2023లో దాడి రూటు మారింది. రిక్వెస్ట్ పంపడం, వెంటనే క్యాన్సిల్ చేయడం.. ఇలా గూగుల్‌పైకి సెకనుకు 39.8 కోట్ల రిక్వెస్టులు వచ్చాయి. అంటే సొంత సర్వర్ ఎంత పెద్దదైనా ఒక్కటే ఆగలేదు.

మరి ఏం చేయాలి?

* డీడాస్ రక్షణ సర్వీసు ముందే తీసుకోవాలి. అసలు సర్వర్ ఐపీ అడ్రస్ బయటపడకూడదు.
* లాగిన్, సెర్చ్ పేజీలకు ఒక్కొక్కరు నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు పంపొచ్చో లిమిట్ పెట్టాలి.
* సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి.
* హోస్టింగ్ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ చేతిలో ఉండాలి.
* దాడి జరిగితే 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. ఇది 2022 నుంచి ఉన్న రూల్.

దాడి మొదలయ్యాక ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చుంటే.. ఈలోగా సేల్ అయిపోతుంది!