పెట్రోలులో కలుపు పదార్థములు

ఎల్లారెడ్డికి పోవు మన పిల్లలు పెట్రోలు బంకునొద్ద ఆగి రెండు లీటరులు పోయించుకొందురు. ఆ ద్రవమున పెట్రోలుగాక మఱేమున్నదని విచారించువారు మన పోచారమున అరుదు.

యంత్రములోని పెట్రోలు ఆవిరి తగిన క్షణమునకు ముందే మండెనేని లోపల సుత్తితో మోదినట్లు చప్పుడగును; యంత్రము చెడును. దీనిని మాన్పుటకై 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ యనునతడు సీసముతో గూడిన యొక ద్రవమును కనుగొనెను. మద్యసారమునకును ఈ గుణము గలదని వారికప్పుడే తెలియును. అయినను రవంత కలిపిన చాలునని సీసమునే కైకొనిరి. 1924లో దానిని తయారుచేయు కార్మికులు కొందఱు మతి చలించి మరణించిరి.

మన వైద్యగ్రంథములు సీసమును నాగమని పిలిచి, శుద్ధిచేయనిది విషతుల్యమని చెప్పినవి. అది మంటలో నశింపదు. పొగతో వెలువడి, దారిదుమ్మున కలిసి, పిల్లల రక్తమున చేరి బుద్ధిని మందగింపజేయును. నేను పడుచు ఉపాధ్యాయుడనై యుండగా పెట్రోలు గుడ్డతో మోటారు సైకిలు గొలుసు తుడిచి, ఆ చేతులతోనే సుద్దముక్క పట్టెడివాడను. వలదని చెప్పినవారు లేరు.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము ఇట్టివానికి హద్దులు నిర్ణయించు అధికారమును కేంద్రమునకిచ్చెను. సీసములేని పెట్రోలు 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములకు వచ్చెను. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటను అదియే. లోకమున కడపట సీసమును విడిచినది అల్జీరియా, 2021లో. పెట్రోలులో సహజముగా నుండు బెంజీను క్యాన్సరు కారకము. అది నూటికి ఒక పాలు మించరాదని నేటి నియమము.

ఇక మద్యసారము, అనగా ఇథనాలు. ఈ కలుపు క్రొత్తది కాదు. 1948లోనే దీనికై కేంద్రము చట్టము చేసియుండెను. 2003లో ఆంధ్రప్రదేశ్ మొదలగు తొమ్మిది రాష్ట్రములలో నూటికి ఐదు పాళ్లుగా ఆరంభమై, 2022లో పదియై, 2025 నాటికి ఇరువది యయ్యెను. ఇది నీటిని పీల్చును. కావున డబ్బాలో పెట్రోలు నిలువయుంచి, తడి సోకనిచ్చినచో ఇథనాలు నీటితో గూడి అడుగునకు దిగును. అట్టిది బండిలో పోయరాదు.

చెఱకు మడ్డి, బియ్యము, మక్కల నుండి ఇథనాలు తీయుదురు. మన మక్కలకు గిరాకి పెరిగినదనుట నిజమే. కాని కర్మాగారమునకు నీరు విస్తారముగా కావలెను. మిగులు మురికినీరు శుద్ధిచేయక విడిచినచో వాగు చెడును. నిర్మలు జిల్లా దిలావర్‌పూరు రైతులు 2024 నవంబరులో రహదారిపై బైఠాయించినది ఈ భయముతోనే. ప్రభుత్వము పనులు నిలిపెను. మురుగు బయటికి విడువమని మాట యిచ్చి, ఇంధనమునకై మాత్రమే ఇథనాలు తీయు కర్మాగారములకు 2021లో కేంద్రము సడలింపు చేసెను. దానివలన ఊరివారి ప్రజాభిప్రాయ సేకరణ లేకయే అనుమతి లభింపవచ్చును. కావున అట్టి కర్మాగారము మన దాపునకు వచ్చునన్న వార్త విన్న నాడే, నీరెక్కడిది, ఎంత, మడ్డి యెక్కడికని గ్రామసభలో వ్రాతమూలకముగా అడుగుడు. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలములకు పోచారము నీరే యాధారము.