గంటలూ కావాలి, విహారమూ కావాలి

మా కార్యాలయంలో సహోద్యోగి ఒకాయన ఆ మధ్య కొడుకునీ కొత్త కోడలినీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అబ్బాయికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. కమర్షియల్ లైసెన్సుకి ఇంకా గంటలు కావాలి. పెళ్ళయి నాలుగు నెలలైనా ఎక్కడికీ వెళ్ళలేదు. "అంకుల్, ఎలాగూ ఎగరాలి కదా, ఇద్దరం అమెరికా వెళ్ళి గంటలూ పూర్తి చేసుకుని, చూడవలసినవీ చూసి వస్తే ఖర్చు కలిసొస్తుందా?" అని అతని ప్రశ్న. కోడలి ప్రశ్న వేరు. "అంకుల్, వాన పడితే హోటల్ గదిలో కూర్చోవడానికా అంత దూరం వెళ్ళేది?"

రెండూ సరైన ప్రశ్నలే. మన సిబ్బంది పిల్లల్లో పైలట్ శిక్షణకు వెళ్ళేవాళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నారు. విద్యారుణం దరఖాస్తు రూపంలో ఇది మన బల్లల మీదికీ వస్తోంది. అందుకని ఆ సాయంత్రం కాగితం మీద వేసిన లెక్కలు కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు గంటల సంగతి. మన డీజీసీఏ నిబంధనల ప్రకారం ప్రైవేట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు చాలు. కమర్షియల్‌కి 200 కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా నడిపినవి. ఈ వంద గంటల్లోనే ఒక సౌకర్యం ఉంది. పక్క సీటు ఖాళీగా ఉండాలన్న నియమం లేదు. భార్య కూర్చున్నా ఆ గంట లెక్కలోకి వస్తుంది.

అమెరికాకే ఎందుకు? మన దగ్గర చిన్న విమానం ఊరు దాటాలంటే ఫ్లయిట్ ప్లాన్ వేయాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి. దిగడానికి వీలున్న చిన్న విమానాశ్రయాలూ తక్కువే. అక్కడ పగటిపూట, మేఘాలకు దూరంగా, కంటిచూపు మీద నడిపేటప్పుడు చాలాచోట్ల ఫ్లయిట్ ప్లాన్ అవసరం లేదు. కంట్రోల్ టవర్ లేని చిన్న రన్‌వేలు ఊరూరా ఉన్నాయి. వాటిలో అధికభాగం దిగినందుకు డబ్బు అడగవు. కొన్నిచోట్ల పెట్రోలు పోయించుకున్న పైలట్‌కి ఊళ్ళోకి వెళ్ళి భోంచేసి రావడానికి ఒక పాత కారు తాళాలు ఊరికే ఇస్తారు. క్రూ కార్ అంటారు దాన్ని. చిన్న బడ్జెట్ జంటకి ఇంతకన్నా మంచి మర్యాద ఏముంటుంది!

అయితే మన లైసెన్సు పట్టుకుని నేరుగా వెళ్ళి తాళాలు అడిగితే ఇవ్వరు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ, మన ప్రైవేట్ లైసెన్సు ఆధారంగా తమ ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి ముందు మన లైసెన్సు నిజమైనదేనా అని డీజీసీఏని అడిగి నిర్ధారించుకుంటుంది. దీనికి నెలలు పట్టవచ్చు కాబట్టి టిక్కెట్లు కొన్నాక మొదలుపెట్టే పని కాదు. నిర్ధారణ పత్రం వచ్చాక దాన్ని పట్టుకుని అక్కడి ప్రాంతీయ కార్యాలయానికి స్వయంగా వెళ్ళాలి. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టరుతో ఫ్లయిట్ రివ్యూ, అంటే కనీసం ఒక గంట పాఠం, ఒక గంట ఎగరడం. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడుసార్లు ఎగిరి దిగి ఉండాలి. ఇదంతా తేలడానికి మొదటి మూడు నాలుగు రోజులు పోతాయి. ఆ రోజుల్లో భార్యని విమానాశ్రయం బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఊరు చూసుకోమని పంపడం మంచిది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది ఉన్న లైసెన్సుతో విమానం అద్దెకి తీసుకునే వ్యవహారం మాత్రమే. అక్కడ కొత్త లైసెన్సు కోసం కోర్సు చేయాలంటే వీసాయే వేరు, విహారయాత్ర వీసా పనికిరాదు.

ఇక డబ్బు. విమానం అద్దె గంటకింత అని చెప్పినప్పుడు రెండు విషయాలు అడగాలి. మొదటిది, పెట్రోలు కలిపా, కలపకుండానా? కలిపితే వెట్ రేటు, లేకపోతే డ్రై రేటు. రెండోది, గంటని ఏ మీటరుతో కొలుస్తారు? హాబ్స్ మీటరు ఇంజను ఆన్ అయినప్పటి నుంచి గడియారంలా తిరుగుతుంది. టాకో మీటరు ఇంజను వేగాన్ని బట్టి తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా నడిపితే తక్కువ చూపిస్తుంది. ఒకే రేటు చెప్పిన రెండు చోట్ల బిల్లు తేడాగా రావడానికి ఇదే కారణం. ఫ్లాట్ రేటుకీ తగ్గే నిల్వ మీద వడ్డీకీ ఉన్న తేడా తెలిసిన మనకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

అబ్బాయికి వేసిచ్చిన లెక్క ఇది. అంకెలు ఊహించుకున్నవి, ఎవరికి వారు ఆనాటి ధరలతో సరిచూసుకోవాలి. డాలరు 90 రూపాయలు, విమానం వెట్ రేటు గంటకి 150 డాలర్లు, 14 రోజులు, 30 గంటలు. విమానానికి 4,05,000. ఇన్‌స్ట్రక్టరుకి మూడు గంటలు, గంటకి 60 డాలర్ల చొప్పున 16,200. పదమూడు రాత్రుల బస, రాత్రికి 90 డాలర్లు, 1,05,300. అద్దె కారు రోజుకి 45 డాలర్లు, 56,700. తిండి ఇద్దరికీ రోజుకి 50 డాలర్లు, 63,000. రానుపోను టిక్కెట్లు ఇద్దరికీ 2,20,000. వీసాలు, బీమా, చిల్లర ఖర్చులు 60,000. మొత్తం 9,26,200.

అది చూసి మా సహోద్యోగి గుండె పట్టుకున్నారు. కానీ లెక్కని ఇంకోలా చూడాలి. అబ్బాయి ఒక్కడే వెళ్ళినా గది అద్దె అదే, కారు అద్దె అదే, విమానం అద్దె అదే. కోడలు వెళ్ళినందువల్ల పెరిగేది ఒక టిక్కెట్టు, సగం తిండి ఖర్చు, వీసా, బీమాలలో ఆమె వాటా. అంతా కలిపి లక్షా డెబ్భై వేల లోపే. ఎంబీఏలో మార్జినల్ కాస్ట్ పాఠం చదివినప్పుడు ఇంత చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ తర్కంలో ఒక షరతు ఉంది. ఆ 30 గంటలు నిజంగా అవసరమైనవై ఉండాలి. కమర్షియల్ లైసెన్సు ఉద్దేశమే లేని వ్యక్తి సరదాకి ఇదే ప్రయాణం చేస్తే, ఆ నాలుగు లక్షలూ విహారయాత్ర ఖర్చే. దాన్ని చౌక అనడం మనల్ని మనం మోసం చేసుకోవడం. అవసరమైనవాళ్ళు కూడా, అక్కడ ఎగిరిన గంటల్ని డీజీసీఏ ఏ పత్రాలతో లెక్కలోకి తీసుకుంటుందో బయలుదేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. లాగ్‌బుక్ మీద అక్కడివాళ్ళ సంతకం, ముద్ర, బిల్లుల నకళ్ళు ఏ రోజువి ఆ రోజే తీసుకోవాలి.

ముందే 30 గంటల డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని చాలాచోట్ల అంటారు. నా సలహా: కట్టవద్దు. పది శాతం తగ్గింపు కోసం ఊరూ పేరూ తెలియని సంస్థకి, హామీ లేకుండా, నాలుగు లక్షలు అప్పు ఇస్తున్నట్టే లెక్క. వాళ్ళు తలుపులు మూసేస్తే మనం హామీ లేని రుణదాతల వరుసలో చివర నిలబడాలి. మన కౌంటరుకి వచ్చి అలాంటి అప్పు అడిగితే ఇస్తామా? ఏ రోజు ఎగిరితే ఆ రోజు కట్టడమే మేలు.

స్థలం విషయానికి వస్తే ఫ్లోరిడా రాష్ట్రం ఈ పనికి బాగా కుదురుతుంది. నేల చదును, కొండలు లేవు, చిన్న విమానాశ్రయాలు బోలెడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడికాలం. వేసవిలో మధ్యాహ్నమైతే చాలు ఉరుములు, మెరుపులు. జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. పిల్లల సెలవులని, ఆఫీసు సెలవులని మే, జూన్‌లో పెట్టుకుంటే కోడలి ప్రశ్న నిజమై కూర్చుంటుంది.

డేటోనా బీచ్ పరిసరాల్లో మకాం పెట్టుకున్నారనుకోండి. ఉత్తరాన సెయింట్ అగస్టీన్ అరగంట దూరం. 1565లో స్పెయిన్‌వాళ్ళు కట్టుకున్న పట్టణం, సముద్రం ఒడ్డున పాత రాతికోట ఉంది. పొద్దున ఎగిరి వెళ్ళి, కోట చూసి, భోంచేసి, ఎండ ముదరకముందే వెనక్కి రావచ్చు. పడమటి తీరాన సీడార్ కీ అనే చిన్న దీవి ఉంది. అందమైన ఊరే కానీ రన్‌వే పొడవు సుమారు 2,350 అడుగులు, కొత్తవాళ్ళు ఇన్‌స్ట్రక్టరు లేకుండా మొదటిసారి దిగవలసిన చోటు కాదు.

అసలు రుచి కీ వెస్ట్‌ది. దక్షిణాన సముద్రంలోకి వరసగా పేర్చినట్టున్న దీవుల చివర అది ఉంటుంది. వాటిని కలిపే ఏడు మైళ్ళ వంతెనని పైనుంచి చూడటం కారులో వెళ్ళేవాళ్ళకి దక్కదు. డేటోనా నుంచి సెస్నా 172లో సుమారు రెండున్నర గంటలు. కమర్షియల్ లైసెన్సుకి కావలసినవాటిలో 300 నాటికల్ మైళ్ళకి తగ్గని ఒక ప్రయాణం, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో పూర్తిగా ఆగి దిగడం ఉన్నాయి. ఆ ప్రయాణం, ఈ విహారం ఒకే దారిలో కుదిరేలా ప్లాన్ చేసుకోవచ్చు. అయితే అక్కడ రెండు మూడు రాత్రులు ఉండిపోదామనుకుంటే మాత్రం ఆలోచించాలి. విమానం రాత్రి బయట ఉంచితే రోజుకి ఇన్ని గంటలని కనీస బిల్లు వేసే పద్ధతి ఉంది. రోజుకి మూడు గంటలు కనీసం అయితే, మూడు రోజులకి తొమ్మిది గంటలు. ఎగిరింది ఐదు. మిగిలిన నాలుగు గంటలు, అంటే 54,000 రూపాయలు, విమానం ఎండలో నిలబడినందుకు. ఒక్క రాత్రితో సరిపెట్టుకుంటే ఈ బాధ దాదాపు ఉండదు.

చిన్న విమానం ఇంకా చౌక కదా, రెండు సీట్ల సెస్నా 152 తీసుకుంటాను అన్నాడు అబ్బాయి. తూకం వేసి చూపించాను. అది మోయగలిగింది సుమారు 225 కిలోలు. నిండా పెట్రోలు పోస్తే 67 కిలోలు. అతను 78, ఆమె 60. మిగిలింది 20 కిలోలు. ఇద్దరి బట్టలు, నీళ్ళు, లైఫ్ జాకెట్లు అందులోనే. కోడలు నవ్వి, "అయితే షాపింగ్ లేనట్టే" అంది. ఊరి చుట్టూ తిరగడానికి 152, దూరానికి 172 అని తేల్చుకున్నారు.

రోజుకి మూడు గంటల చొప్పున పది రోజుల్లో 30 గంటలు కాగితం మీద అవుతాయి. కానీ ఆ చిన్న కాబిన్‌లో బాత్‌రూమ్ ఉండదు, మధ్యాహ్నం వేడికి కుదుపులు, చెవులకి బరువైన హెడ్‌ఫోన్లు. నడిపేవాడికి అది పని, పక్కనున్నవారికి ఓపికకి పరీక్ష. అందుకని పదిహేను, ఇరవై గంటలే ఇద్దరూ కలిసి అనుకుని, మిగిలినవి అతను తెల్లవారుజామునే లేచి ఒంటరిగా పూర్తి చేయాలి. పక్క సీట్లో కూర్చునేవాళ్ళ కోసం అక్కడి పైలట్ల సంఘం ఏఓపీఏ, పించ్ హిట్టర్ అనే పాఠం తయారుచేసింది. రేడియోలో ఎలా మాట్లాడాలి, పైలట్‌కి బాగోలేకపోతే విమానాన్ని ఎలా నిలబెట్టాలి వంటివి నేర్పుతుంది. కోడలు ఆ సంగతి విన్నాకే కొంచెం ముందుకి జరిగి కూర్చుంది.

ఇప్పుడు, మా సహోద్యోగి భార్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడగలేక అడిగిన మాట. ప్రమాదం?

1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ తన విమానంలో భార్యనీ, వదినగారినీ ఎక్కించుకుని ఓ బంధువు పెళ్ళికి బయలుదేరాడు. బయలుదేరేసరికి చీకటి పడింది. గాలిలో మసక. మేఘాల్లో పరికరాల మీద నడిపే అర్హత అతనికి లేదు. సముద్రం మీద ఏది నీరో ఏది ఆకాశమో తెలియని స్థితిలో దిక్కు తప్పి విమానం నీళ్ళలో పడిందని దర్యాప్తు సంస్థ తేల్చింది. ముగ్గురూ పోయారు. యంత్రంలో లోపం కనబడలేదు. పెళ్ళికి అందుకోవాలనో, హోటల్ బుక్ చేశామనో, రేపు తిరుగు టిక్కెట్టు ఉందనో బయలుదేరకూడని వేళ బయలుదేరడం, విహారాన్నీ ఎగరడాన్నీ కలిపినప్పుడు వచ్చే అసలైన జబ్బు ఇది. విహారానికి తేదీలు కావాలి. వాతావరణానికి తేదీలు తెలియవు.

దీనికి మందు కూడా బడ్జెట్‌లోనే పెట్టాలి. ఏ హోటలూ డబ్బు వాపసు రాని పద్ధతిలో బుక్ చేయకూడదు. స్వదేశానికి తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు విమానం అద్దె లేకుండా ఖాళీ ఉంచాలి. కీ వెస్ట్‌లో వాన చిక్కితే బస్సులోనో కారులోనో వెనక్కి రావడానికీ, విమానాన్ని తర్వాత తెప్పించుకోవడానికీ ఒక మొత్తం పక్కన పెట్టాలి. ఆ డబ్బు ఖర్చు కాకుండా వస్తే సంతోషం. ఇంకొకటి నేను గట్టిగా చెప్పింది: ఏ పొద్దునైనా కోడలు వద్దంటే ఆ రోజు ఆమెతో ఎగరడం లేదు, కారణం అడగకూడదు.

బీమా పత్రాలు తీసి చదివాం. చాలా ప్రమాద బీమా పాలసీల్లో ప్రయాణికుడిగా వెళ్ళేవారికి ఉండే రక్షణ విమానం నడిపేవారికి ఉండదు. జీతం ఖాతాలతో వచ్చే విమాన ప్రమాద బీమా కూడా టిక్కెట్టు కొని ప్రయాణించేవారిని ఉద్దేశించినదే అయి ఉండవచ్చు. మన పాలసీలో ఏముందో షరతుల్లోకి వెళ్ళి చూడాలి. అద్దె విమానం దెబ్బతింటే మనం భరించవలసిన వాటాకి అక్కడ రెంటర్స్ ఇన్సూరెన్స్ దొరుకుతుంది, అది మానవద్దు.

మన సిబ్బంది తల్లిదండ్రులకి ఒక మాట. ఈ ప్రయాణానికి ఎల్‌ఎఫ్‌సీ ఆశ పెట్టుకోవద్దు. విదేశీ ప్రయాణం కలిసిన రాయితీకి పన్ను మినహాయింపు లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సొంత డబ్బు పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక్కొక్కరికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. ప్రయాణ ఖర్చులకి ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్ పడుతుంది. ఇద్దరి పాన్ నంబర్లూ వేరు కాబట్టి వీళ్ళకి ఆ సమస్య రాలేదు.

వాళ్ళు ఫిబ్రవరికి నిర్ణయించుకున్నారు. వెళ్ళేముందు నేను చేయించిన పని ఒకటుంది. అతని ఖాతాకి నామినీ ఆమె, ఆమె ఖాతాకి నామినీ అతను. ఇద్దరూ ఒకే చిన్న విమానంలో వెళ్తున్నారు. 2025 నవంబరు 1 నుంచి ఖాతాకి నలుగురు నామినీల వరకు, ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. ఆ ఫారం ఇచ్చాను. అబ్బాయి రెండో పేరుగా తల్లి పేరు రాశాడు. కోడలు కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, తన చెల్లెలి పేరు రాసింది. మా సహోద్యోగి ఆ రెండు ఫారాలూ తనే కౌంటరు దగ్గరికి తీసుకువెళ్ళి రసీదులు తెచ్చుకున్నారు.