ఇరవై కిలోల గీత

గంజాయి వ్యాపారంలో గుంటూరు, ప్రకాశం జిల్లాలది ప్రధానంగా దారి పాత్ర. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనూ, ఆ పక్కనే ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ ప్రాంతాల్లోనూ పండే సరుకు చెన్నైకో కేరళకో చేరాలంటే 16వ నంబరు జాతీయ రహదారే దగ్గరి బాట. మంగళగిరి, చిలకలూరిపేట, మార్టూరు, ఒంగోలు మీదుగా మిర్చి టిక్కీలు, పత్తి బేళ్లు మోసే లారీల నడుమ ఆ సరుకూ కదిలిపోతుంటుంది. కాజ దగ్గరో, బొల్లాపల్లి టోల్‌ప్లాజా దగ్గరో, టంగుటూరులోనో బండి ఆపి సోదా చేశారన్న వార్తలో సాధారణంగా మూడు సంగతులుంటాయి: ఎన్ని కిలోలు, ఎంత విలువ, ఎంతమంది అరెస్టు. సరుకు ఎవరిది, పెట్టుబడి ఎవరిది అన్నవి అరుదుగా కనిపిస్తాయి. ఇది విలేకరి మరచిపోయిన విషయం అనుకోనక్కర్లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టం అమల్లో కాటా చెప్పేదే మొదటి మాట, చాలా కేసుల్లో చివరి మాట కూడా. శిక్షలు ఇంకా పెంచాలని అడిగేముందు, ఉన్న శిక్షలు ఎవరి మీద పడుతున్నాయో చూడాలి.

గంజాయికి చట్టం రెండు గీతలు గీసింది. ఒకటి కిలో దగ్గర, రెండోది 20 కిలోల దగ్గర. కిలో లోపు దొరికితే ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా; ఈ మధ్య మెట్టులో కనీస శిక్ష లేదు, ఎంత వేయాలన్నది జడ్జి విచక్షణ. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. అక్కడ పదేళ్లకు తగ్గించే అధికారం జడ్జికి లేదు, ఇరవై ఏళ్ల దాకా వేయవచ్చు, జరిమానా కూడా లక్షకు తగ్గదు. హెరాయిన్‌కైతే ఈ గీతలు 5 గ్రాములు, 250 గ్రాములు; ఎండీఎంఏకి అర గ్రాము, 10 గ్రాములు. గంజాయి గురించి చెప్పే 20వ సెక్షన్ తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి, మోసినవాణ్ణి, దగ్గర ఉంచుకున్నవాణ్ణి ఒకే వరుసలో నిలబెడుతుంది. వాళ్లను విడదీసేది కిలోల లెక్క ఒక్కటే. 2001కి ముందు గంజాయి కేసులో గరిష్ఠ శిక్ష అయిదేళ్లే. ఆ ఏడాది తెచ్చిన సవరణ పరిమాణాన్ని బట్టి మెట్లు కట్టి, పై మెట్టును ఇరవై ఏళ్లకు చేర్చింది.

ఈ లెక్క వల్ల రెండు వైపులా తప్పు జరుగుతోంది. పట్టణంలో కాలేజీల చుట్టూ చిన్న చిన్న పొట్లాలు కట్టి అమ్మేవాడు ఒకసారికి కిలో మించి దగ్గర ఉంచుకోడు. రోజూ అమ్ముతున్నా, దొరికిన రోజున అతను కింది మెట్టు ముద్దాయే. కిరాయికి బండి తోలిన కుర్రాడి డిక్కీలో 25 కిలోలు దొరికితే, నేరం రుజువయ్యాక అతనికి పదేళ్లు ఖాయం. అంతకన్నా ముందే బెయిలు కష్టమవుతుంది: వాణిజ్య పరిమాణం కేసులో ముద్దాయి నేరం చేయలేదనీ, బయటికొస్తే మళ్లీ చేయడనీ నమ్మడానికి తగిన ఆధారం ఉందని కోర్టుకు తోస్తేనే బెయిలివ్వాలని 37వ సెక్షన్ అంటుంది. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువుంది, కోర్టు అనుమతిస్తే ఏడాది దాకా పొడిగించవచ్చు. సరుకు కొని, బండి మాట్లాడి, ముందు ఒక పైలట్ బైకును పంపి, తాను ఫోనుకే పరిమితమైన మనిషి దగ్గర ఒక్క గ్రాము కూడా దొరకదు. కాటాకు అందనివాడు తేలిగ్గా కేసుకూ అందకుండా పోతాడు.

పోనీ ఆ కాటా అయినా సరైన సరుకునే తూస్తుందా? చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలతో కలిసి లేనప్పుడు గింజ, ఆకు లెక్కలోకి రావు. మిర్చి యార్డులో తేజ కాయనూ తాలునూ ఒకే గోతంలో పోసి తూచి ఒకే ధర కడతామంటే ఏ రైతూ ఒప్పుకోడు. గంజాయి కేసులో మాత్రం ఆకు, కాడ, పూత, ఒక్కోసారి పచ్చిదనం తాలూకు నీటి బరువు కూడా కలిపి ఒకే అంకె వేయడం కద్దు. హైకోర్టుల్లో దీని మీదే వాదనలు నడుస్తుంటాయి. గీత 20 కిలోల దగ్గర ఉన్నప్పుడు 19 కిలోలకూ 21 కిలోలకూ తేడా ఒక మనిషి యౌవనం. అందుకే రోడ్డు పక్కన జరిగే పని అంత ముఖ్యం. బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లను ఒక్కొక్కటిగా దించాలి, మధ్యవర్తుల ఎదుట తూచి పంచనామా రాయాలి. ముద్దాయి ఒంటిని సోదా చేయాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో జరిపించుకునే హక్కు నీకుందని 50వ సెక్షన్ ప్రకారం అతనికి చెప్పాలి. ఆ తర్వాత 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో నమూనాలు తీయాలి.

అసలు మనుషులను పట్టే సెక్షన్లు చట్టంలో లేవా అంటే, ఉన్నాయి. పెట్టుబడి పెట్టినవాడికీ, నేరస్థుడికి ఆశ్రయమిచ్చినవాడికీ 27ఏ సెక్షన్ కింద పది నుంచి ఇరవై ఏళ్లు. కుట్రలో భాగమైనవాడికి 29వ సెక్షన్ కింద అసలు నేరానికి పడే శిక్షే. ఈ డబ్బుతో కొన్న ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా స్తంభింపజేసి జప్తు చేయడానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. వీటి వాడకం ఎంత పలచనో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2014 సవరణలో నిర్వచనాల క్రమసంఖ్య మారింది గానీ 27ఏలో పాత సంఖ్యే మిగిలిపోయింది. దాంతో ఆ సెక్షన్ అక్రమ రవాణా నిర్వచనంతో తెగిపోయి, సంబంధం లేని మరో నిర్వచనం వైపు చూపుతూ ఉండిపోయింది. 2021లో త్రిపుర హైకోర్టు ఎత్తిచూపాక పార్లమెంటు దాన్ని సరిదిద్దింది. పెట్టుబడిదారుల మీద దేశమంతా రోజూ ప్రయోగించే సెక్షనే అయితే ఆ పొరపాటు బయటపడి, సవరణ దాకా రావడానికి ఏడేళ్లు పట్టేదా?

మోసినవాడు అమాయకుడేమీ కాదు, క్యారియర్లు లేకపోతే వ్యాపారమే లేదు అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. తెలిసి మోసినవాడికి శిక్ష పడాల్సిందే. కానీ డబ్బు అవసరమున్న మరో కుర్రాడు మర్నాటికే దొరుకుతాడు, కాబట్టి అతన్ని ఇరవై ఏళ్లు లోపల పెట్టినా బండి ఆగదు. తూకాన్నే విజయానికి కొలతగా తీసుకుంటే, గంజాయి మీద రాష్ట్ర పోలీసులు నడిపిన ఆపరేషన్ పరివర్తన తర్వాత 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టిన నాటితో ఈ కథ ముగియాలి. మూడేళ్లు తిరగకముందే, 2024 నవంబరులో, ఇదే పని కోసం రాష్ట్రం ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేయాల్సి వచ్చింది. సింగపూర్‌లాగా ఉరి వేస్తే దారికొస్తారనేవారూ ఉన్నారు. అక్కడ అర కిలోకు మించి గంజాయి రవాణా చేస్తే మరణశిక్షే. అయితే ఆ దేశం కూడా 2012లో చట్టం సవరించి, ముద్దాయి కేవలం మోసినవాడేననీ, ముఠాను ఛేదించడానికి గట్టిగా సాయపడ్డాడనీ తేలితే ఉరికి బదులు యావజ్జీవం వేసే వీలు జడ్జికి ఇచ్చింది. అంత కఠినమైన చట్టమే మోసినవాణ్ణీ మోయించినవాణ్ణీ వేరుచేసి చూస్తోంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సంతకం లేదనీ, సీలు సరిగా లేదనీ కేసులు కొట్టేస్తుంటే, మీరు ఇంకా నియమాల గురించి చెబుతారేమిటని అడుగుతారు. ఈ చట్టంలో నేరం రుజువు చేసే భారం కొంతవరకు తిరగబడిందని మరువకూడదు. సరుకు దగ్గర దొరికిందని తేలితే, దాని సంగతి తనకు తెలియదని చూపుకోవలసింది ముద్దాయే. అంత అధికారం చేతికిచ్చిన చట్టం దానికి కళ్లెంగా కొన్ని నియమాలు పెట్టింది. శిక్ష ఎంత తీవ్రమైతే రక్షణలను అంత జాగ్రత్తగా పాటించాలని సుప్రీంకోర్టు 1999లో బల్దేవ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. పంచనామా తప్పుగా రాసి కేసు పోగొట్టుకుంటే లాభపడేది దొంగే కాబట్టి, శిక్ష పెంచడం కన్నా రాత సరిదిద్దడమే అతనికి ఎక్కువ భయం.

తాగేవాడి సంగతి వేరు. గంజాయి తాగినందుకు 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ మరో తలుపు తెరిచింది. వ్యసనపరుడు చిన్న పరిమాణంతోనో వాడకంతోనో దొరికి, గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు తనంతట తాను సిద్ధపడితే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. పిల్లవాడు దొరికాడని పరువు కోసం దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ సెక్షన్‌నూ, 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్‌నూ తెలుసుకోవాలి. అమ్మకాల సమాచారం ఇవ్వడానికి ఈగల్ నంబరు 1972 ఉంది. పొలం కౌలుకిచ్చిన ఆసామి, లారీ కిరాయికిచ్చిన యజమాని కూడా తమకు పట్టనట్టు ఉండటానికి లేదు. తన పొలంలో గంజాయి వేశారని తెలిసీ చెప్పకపోతే 46వ సెక్షన్ కింద ఆసామిదీ నేరమే. తనకు తెలియకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్త తీసుకున్నాననీ రుజువు చేసుకోకపోతే లారీ జప్తవుతుంది.

చట్టానికి కొత్త కోరలు అక్కర్లేదు, ఉన్నవి దిగాల్సిన చోట దిగాలి. కిరాయికి మోసినవాడికీ సరుకు సొంతదారుకూ తేడా చూసి, వాణిజ్య పరిమాణం కేసులో కూడా కనీస శిక్షను సడలించే విచక్షణ జడ్జికి ఇవ్వడం పార్లమెంటు చేయాల్సిన పని. ప్రతి పెద్ద కేసులో ఫోన్లు, బ్యాంకు లావాదేవీలు తవ్వి 27ఏ, 29 సెక్షన్ల కింద పై వరుసను చార్జిషీటులోకి తేవడం, ఆస్తుల జప్తు మొదలుపెట్టడం పోలీసుల పని. ఆ రెండోదానికి కొత్త చట్టం అవసరం లేదు, రేపటి నుంచే చేయవచ్చు. వచ్చేసారి టోల్‌ప్లాజా దగ్గర గంజాయి పట్టుబడినప్పుడు ఎన్ని కిలోలని అడిగాక, డబ్బు ఎవరు పెట్టారని కూడా మనం అడగాలి.