నంబరు బీడీ కట్ట మీదే ఉంది

గోదావరిఖనిలో బొగ్గు బాయిలోకి దిగేవారిని పైననే తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోనివ్వరు. లోపల మీథేన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అంటే షిఫ్టంతా బీడీ లేకుండా ఉండగలవారే! పైకి రాగానే మళ్లీ ముట్టిస్తారు. చేను చేసుకునే మనకు ఆ తనిఖీ కూడా లేదాయె.

మానాలనుకునే రైతు సోదరులు 1800112356కు ఫోన్ చేయవచ్చు. పైసా ఖర్చు లేదు, మామూలు చిన్న ఫోనైనా చాలు. 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ఈ నంబరు అచ్చు వేస్తున్నారు. విడి బీడీలు కొనేవారికి కనపడదు, రాసి పెట్టుకోండి. రోజుకు ఎన్ని తాగుతారో, ఎప్పుడు తాగుతారో అడిగి, మానే తేదీ ఖాయం చేయిస్తారు. తర్వాత వాళ్లే ఫోన్ చేసి అరుసుకుంటారు.

తాగాలన్న యావ కొన్ని నిమిషాలే. అప్పుడు చెంబెడు నీళ్లు తాగి, గట్టు మీద ఒక చుట్టు తిరిగి రండి.