చెవులు కుట్టించే వేళ: నొప్పి, భయం, జాగ్రత్తలు

పసిబిడ్డకు చెవులు కుట్టించడమంటే ఇంటిల్లిపాదికీ వేడుక. కాని సూది గుచ్చే క్షణంలో తల్లి ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆ నొప్పి ఎంతవరకు సహజమో తెలిసికొంటే సగం భయం తీరుతుంది.

సుశ్రుత సంహిత, సూత్రస్థానం 16వ అధ్యాయంలో కర్ణవేధ విధానం ఉన్నది. ఆరవ లేక ఏడవ మాసంలో బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టి, ఆటవస్తువులతో లాలిస్తూ, సూర్యకాంతి చొచ్చుకొని కనిపించే చోట సూటిగా గుచ్చవలెనని ఆచార్యుడు చెప్పాడు. రక్తం, నొప్పి అధికమైతే తగని చోట గుచ్చినట్లు గ్రహించమన్నాడు. అనగా నొప్పి ఒక సూచన కూడా.

చెవితమ్మెలో మృదులాస్థి లేదు, రక్తప్రసారం బాగా ఉంటుంది. కనుక చురుక్కుమన్న నొప్పి త్వరగా తగ్గుతుంది. ఒకటి రెండు రోజులు కొద్దిపాటి సలుపు సహజం. గాయం మానడానికి 6 నుండి 8 వారాలు పడుతుంది. చెవి పైభాగం అటువంటిది కాదు. అక్కడి మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. మానడానికి నెలలు పడుతుంది. చీము పట్టితే చెవి ఆకారమే చెడిపోవచ్చు. నేటి యువతులు ఈ సంగతి మరువరాదు.

ముందు జాగ్రత్తలు:

• శిశువుకు 6, 10, 14 వారాలలో వేయించే టీకాలు పూర్తి కావలెను. ధనుర్వాతం నుండి అవే రక్షణ.

• జ్వరం, చర్మవ్యాధి ఉన్నప్పుడు వాయిదా వేయండి.

• పసిబిడ్డకు పాలు పట్టండి. పెద్దపిల్లలను ఖాళీ కడుపుతో తీసికొని వెళ్ళకండి. కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

• "నొప్పే ఉండదు" అని అబద్ధమాడకండి. "చీమ కుట్టినట్లుంటుంది, వెంటనే తగ్గుతుంది" అంటే బిడ్డ నమ్ముతుంది.

• తిమ్మిరి కలిగించే లేపనాన్ని వైద్యుని సలహా లేనిదే వాడకండి.

• సూది కొత్తది, శుద్ధి చేసినది కావలెను. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకవచ్చు. దీపంపై కాల్చినంత మాత్రాన చాలదు.

తరువాత చేతులు కడుక్కొని, లీటరు మరగించి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, రోజుకు రెండుసార్లు శుభ్రమైన దూదితో తుడవండి. శాస్త్రంలో తైలం చెప్పబడినది నిజమే. అయినా వంటింటి పసుపు, నూనె క్రిమిరహితమైనవి కావు, పచ్చిగాయానికి పూయకూడదు.

రోజులు గడిచినకొద్దీ నొప్పి తగ్గవలెను. అది పెరిగినా, వాపు, వేడి, చీము, జ్వరం కనిపించినా చిట్కాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపించండి. వేడుక వేడుకగానే మిగులుతుంది.