దేశవాచకములగు జీవనామములు

జంతువులకును వృక్షములకును లోకమంతటఁ జెల్లుచున్న శాస్త్రనామము రెండు పదములు గలది. పూర్వపదము ప్రజాతిని, రెండు పదములును గూడి జాతిని దెలుపును. ఉత్తరపదము పెక్కుచోట్ల దేశనామముమీఁదఁ దద్ధితప్రత్యయము చేరఁగా నేర్పడును. లాటినుభాషలో ‘ఎన్సిస్’, ‘ఇకస్’, ‘ఆనస్’ మున్నగున వట్టి ప్రత్యయములు. ఇట్టి పదములు విశేషణములగుటచే సంస్కృతమునందువలెనే విశేష్యలింగము ననుసరించును. 1798లో ఫాబ్రీసియసు వర్ణించిన యొక సన్నని తూనీఁగ నేఁడు ‘సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్’ అనఁబడుచున్నది. ప్రజాతిపదము నపుంసకము గావున ‘ఆనస్’ అనునది ‘ఆనమ్’ అయినది. కోరమాండ లనఁగాఁ జోళమండలతీరము. అయినను ఆ తూనీఁగ భారతదేశమునఁ బెక్కుచోట్లను, సింహళమునను గలదు.

అట్లైనచో నిచ్చటఁ బ్రత్యయార్థ మేది? పాణిని చతుర్థాధ్యాయ తృతీయపాదమున నివాసమును, అభిజనమును వేర్వేఱుగాఁ జెప్పెను. ఇపుడు వసించు చోటు నివాసము. పూర్వులు వసించిన చోటు అభిజనము. మథురలో నున్నవాఁడును, పూర్వులు మథురవారైనవాఁడును మాథురుఁడే. రూప మొక్కటి, అర్థములు రెండు.

లాటిను నామములందును నీ సందిగ్ధత గలదు. ఇండ్లలోఁ దిరుగు నొక చిన్న బొద్దింకకు లిన్నేయసు 1767లో ‘జర్మానికా’ యను పేరిడెను. అది యిపు డాసియాఖండమునుండి వ్యాపించినదనియు, సుమా రు 2,100 ఏండ్లక్రిందట భారత బర్మా ప్రాంతముల ‘బ్లాటెల్లా అసహినాయి’ జాతినుండి యేర్పడినదనియు 2024లో వెలువడిన జన్యుపరిశోధన నిర్ణయించినది. జర్మనీయం దది వసించుచున్నది గావున నివాసార్థమునఁ బేరు చెల్లును, అభిజనార్థమునఁ జెల్లదు.

‘డాసెలో నోవేగినియే’ యను పక్షివిషయమున రెండర్థములును బొసఁగవు. 1783లో హెర్మన్ ఇడిన యీ పేరున నుత్తరపదము షష్ఠ్యంతము. ‘న్యూగినీయొక్క’ యని యర్థము. పక్షి యాస్ట్రేలియాది, న్యూగినీలో లేదు. అయినను అర్థము పొసఁగలేదను కారణమునఁ బేరు మార్చుటకు జంతునామనియమావళి యంగీకరింపదు. పేరు మాఱినచోఁ బూర్వగ్రంథములలోని వ్యవహారమంతయుఁ దాఱుమాఱగును.

కావున నీ నామములు వ్యుత్పత్తిచే యౌగికములయ్యు వ్యవహారమున రూఢములు. కుశలశబ్దము దర్భలఁ దెచ్చువానిని విడిచి నేర్పరిని జెప్పుట యిట్టిదే. పాఠ్యగ్రంథములఁ దెనిఁగించువారు ‘జర్మనీ బొద్దింక’ యని వ్రాయవచ్చును. ‘జర్మనీయందుఁ బుట్టినది’ యని వివరించుట మాత్రము దోషము. నామము గుర్తించుటకుఁ జాలును. జన్మదేశమును నిర్ణయించుటకుఁ బ్రమాణాంతరము వలయును.