ఏడాదికన్నా పొడవైన రోజు

మీ తరగతిలో ఎవరినైనా ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. "భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి ఎంతసేపు పడుతుంది?" ఇరవైనాలుగు గంటలని ఠక్కున చెప్పేస్తారు. ఆ జవాబు తప్పు! సరైన జవాబు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు.

మరి మిగతా నాలుగు నిమిషాలు ఏమయ్యాయి? ఆ సంగతి తేలితేగాని శుక్రుడి గురించి, బుధుడి గురించి మనం వినే వింతలు సరిగ్గా అర్థం కావు.

గది మధ్యలో స్టూలు వేసి, దానిమీద దీపం పెట్టండి. దీపం సూర్యుడు, మీరు భూమి. దీపానికి ఎదురుగా, ఉత్తరపు గోడవైపు ముఖం పెట్టి నిలబడండి. ఇప్పుడు కుడిపక్కకు ఒక అడుగు వేస్తూ, ఎడమవైపుగా గిర్రున ఒక చుట్టు తిరగండి. మళ్ళీ ఉత్తరపు గోడ ఎదురైంది కదా! ఒక భ్రమణం పూర్తయిందన్నమాట. కాని దీపం మీకు సూటిగా లేదు, కాస్త ఎడమగా ఉంది. దానికి ఎదురు కావాలంటే ఇంకొంచెం తిరగాలి. ఆ "ఇంకొంచెం" కోసం భూమికి పట్టేవే ఆ నాలుగు నిమిషాలు.

నక్షత్రాలు మాత్రం ఈ నాలుగు నిమిషాలు ఆగవు. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలను గమనించండి. ఈ రోజు ఉదయించిన వేళకన్నా రేపు నాలుగు నిమిషాలు ముందుగా, నెల తరువాత రెండు గంటలు ముందుగా ఉదయిస్తాయి.

కాబట్టి రోజులు రెండు రకాలు. గ్రహం ఒక చుట్టు తిరిగే కాలం ఒకటి. ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా పట్టే కాలం ఇంకొకటి. భూమిమీద ఈ రెంటికీ తేడా నాలుగు నిమిషాలే కనుక మనం పట్టించుకోం. పొరుగు గ్రహాల్లో అలా కాదు.

మన వేగుచుక్కనే తీసుకోండి. అదే శుక్రుడు. సూర్యుని చుట్టూ తిరగడానికి 225 రోజులు, తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు. "శుక్రుడిమీద ఏడాదికన్నా రోజే పెద్దది" అని పుస్తకాల్లో చదివే ఉంటారు. ఇది సగం నిజమే. శుక్రుడు మనకు ఎదురు దిశలో తిరుగుతాడు. దీపం ఆటలో ఈసారి కుడివైపుగా తిరిగి చూడండి. చుట్టు పూర్తికాకముందే దీపం ఎదురవుతుంది. లెక్క కావాలా? 243ను 225తో హెచ్చవేసి, ఆ రెంటి మొత్తంతో భాగించండి. సుమారు 117 వస్తుంది. అంటే అక్కడ 117 రోజులకొకసారి తెల్లవారుతుంది. ఏడాదికి ఇంచుమించు రెండు ఉదయాలు! అదీ పడమటి దిక్కున. జరగని పనికి మనం "పొద్దు పడమట పొడిచినా" అంటామే, అది అక్కడ మామూలే. కాని దట్టమైన మబ్బుల మూలాన నేలమీదనుంచి సూర్యబింబం కనబడదు. నేలమీద వేడి సుమారు 460 డిగ్రీల సెంటీగ్రేడు. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. 1982 మార్చి 1న దిగిన రష్యావారి వెనెరా-13 నౌక ఆ వేడిలో 127 నిమిషాలు పనిచేసింది. అది అరగంట పనిచేస్తే చాలని తయారుచేసిన నౌక!

మరి నిజంగా ఏడాదికన్నా పొడవైన రోజు ఎక్కడుంది? బుధుడిమీద.

ఈ మాట చాలాకాలం ఎవరికీ తెలియదు. ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లి ఎన్నో ఏళ్ళు బుధుణ్ణి దూరదర్శినిలో గమనించి, 1889లో, అది 88 రోజులకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుందని ప్రకటించాడు. బుధుడి సంవత్సరం కూడా 88 రోజులే. అంటే ఒకే ముఖం ఎల్లప్పుడూ సూర్యుడివైపు ఉండాలి. 75 ఏళ్ళపాటు అందరూ దాదాపు ఇదే నమ్మారు. పాపం, ఆయన్ను తప్పుపట్టలేం. బుధుడు బాగా కనబడే అదను సుమారు ఏడాదికోసారి వస్తుంది, అప్పుడల్లా ఇంచుమించు అదే ముఖం మనకు ఎదురవుతుంది.

1965లో పెటెన్‌గిల్, డైస్ అనే ఇద్దరు ప్యూర్టోరికోలోని అరెసిబో నుంచి బుధుడిమీదికి రాడార్ తరంగాలు పంపారు. (305 మీటర్ల వెడల్పున్న ఆ పెద్ద దూరదర్శిని 2020 డిసెంబరులో కూలిపోయింది.) స్టేషనులో నిలబడితే, వచ్చే రైలు కూత హెచ్చుగానూ, దాటిపోయే రైలు కూత తగ్గుగానూ వినిపిస్తుంది కదా! తిరిగే గోళం అంచుల్లో కూడా ఒకటి మనవైపు వస్తుంటే, రెండోది దూరంగా పోతుంటుంది. తిరిగివచ్చిన తరంగాల్లోని ఆ హెచ్చుతగ్గులను బట్టి బుధుడు తిరిగే వేగం తేలింది. ఒక చుట్టుకు 88 కాదు, సుమారు 59 రోజులు!

తరువాత ఇంకా కచ్చితంగా కొలిచారు. 58.6 రోజులు. దీన్ని మూడుతో హెచ్చవేయండి. దాదాపు 176. అది 88కి సరిగ్గా రెండింతలు. సూర్యుని చుట్టూ రెండుసార్లు తిరిగేలోగా బుధుడు తన చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. అప్పటికిగాని మరో ఉదయం రాదు. పగలంతా ఒక సంవత్సరం, రాత్రంతా ఇంకో సంవత్సరం! మీరు అక్కడ ఉంటే ఒక్క రోజులో రెండు పుట్టినరోజులు వస్తాయి. పగటివేడి 430 డిగ్రీలకు చేరుతుంది, రాత్రి సున్నాకు దిగువన 180 డిగ్రీలకు పడిపోతుంది.

బుధుడి మధ్యరేఖ చుట్టుకొలత సుమారు 15,300 కిలోమీటర్లు. దాన్ని 176 రోజుల గంటలతో భాగించి చూడండి. గంటకు 3.6 కిలోమీటర్లు. అక్కడ పడమటివైపు ఈ వేగంతో ఆగకుండా నడిచేవాడికి పొద్దుగుంకదు. మీరు బడికి నడిచే వేగం కూడా దాదాపు ఇంతే.